చెక్క చెంచాకు న్యాయమైన ధర ఎంత? ఉదయగిరి ఆర్డరు మీద సలహా కావాలి

పెన్నాతీరం (నెల్లూరు)

అందరికీ నమస్కారం. ఉదయగిరి వైపు చెక్క చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేసే ఆడవాళ్ల చిన్న సంఘం ఒకటి ఉంది. నేను నెల్లూరులో ఉండి వాళ్ల సరుకు అమ్మిపెట్టే పని చూస్తున్నాను. ఇన్నాళ్లూ ప్రదర్శనల్లోనూ, తెలిసినవాళ్ల ద్వారానూ విడిగా అమ్ముకున్నాం. ఇప్పుడు బెంగళూరులో ఒక దుకాణం వారు రెండు వేల చెంచాలు, ఐదు వందల గరిటెలు కావాలన్నారు. తమది ఫెయిర్ ట్రేడ్ దుకాణమని, అంటే చేసినవాళ్లకు న్యాయమైన ధర ఇచ్చే దుకాణమని బోర్డు మీదే రాసుకున్నారు. మాట మర్యాదగానే ఉంది. కానీ "ధర మీరే చెప్పండి" అని ఊరుకున్నారు.

తక్కువ చెబితే ఆ ధరకే ఏళ్ల తరబడి కట్టుబడిపోతాం. ఎక్కువ చెబితే ఆర్డరు చేజారుతుంది. లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? బయానా అడగవచ్చా? ఇంకొకటి, గరిటెకు కొత్త నమూనా వాళ్లే ఇస్తారట, దాన్ని మేం మరెవరికీ అమ్మకూడదట. ఇది సబబేనా? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

కొండకింద (ఉదయగిరి)

మా ఇంట్లో అమ్మ, అత్త ఇద్దరూ ఈ పనే చేస్తారు. ధర మాట్లాడేముందు పని ఎలా సాగుతుందో చెప్పనివ్వండి, ఎందుకంటే బయటివాళ్లకు చెంచా కనిపిస్తుంది కానీ చెయ్యి కనిపించదు.

నర్ది, బిక్కి వంటి కొయ్య కొండ నుంచి వస్తుంది. దుంగను చెంచా పొడవు ముక్కలుగా రంపంతో కోస్తారు. బాడిశతో పైపైన చెక్కి రూపం తెస్తారు. తర్వాత గుంట తీయాలి. అక్కడ చెయ్యి ఒక్క పిసరు లోతుకు పోతే అడుగు పలచబడి, నాలుగు రోజులు వాడేసరికి చిట్లుతుంది. ఆ తర్వాత ఆకురాయి, చివర గరుకు కాగితం, మొదట ముతకది, తర్వాత సన్నది. ఫోర్కు ఇంకా కష్టం. ముళ్ల మధ్య సందు కోసేటప్పుడు కొయ్య నార అడ్డం తిరిగిందంటే ముల్లు విరుగుతుంది. అప్పటిదాకా పడ్డ శ్రమ మొత్తం పొయ్యిలోకే. విరిగిన ఫోర్కుకు ఏ వ్యాపారీ పైసా ఇవ్వడు.

రుద్దేటప్పుడు రేగే పొడి ముక్కులోకి, కళ్లలోకి పోతుంది. మణికట్లు వాస్తాయి. మా వీధిలో ఈ పని చేసేవాళ్లలో ఎక్కువ మంది ముస్లిం ఆడవాళ్లు, ఇంటి పని ముగించుకుని వసారాలో కూర్చుని చేస్తారు. ఇంట్లో కూర్చుని చేస్తున్నారు కదా అని కూలి తగ్గించడం మొదటి నుంచీ ఉన్న అన్యాయం. వసారాలో చేసినా అది పనే. పెన్నాతీరం గారూ, ధర చెప్పేముందు మా వాళ్లను కూర్చోబెట్టి గంటలు లెక్క కట్టండి.

లెక్కల పంతులు (ఒంగోలు)

కొండకింద గారు అసలు సంగతి చెప్పారు. నేను బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను, పొదుపు సంఘాల లెక్కలు చాలా చూశాను. మన వాళ్లు ధర కట్టేది తలకిందులుగా. బజారులో ఎంతకు పోతోందో చూసి, దుకాణం వాటా, వ్యాపారి వాటా, రవాణా తీసేసి, మిగిలింది చేసినవాళ్లకు ఇస్తారు. ఆ మిగులు ఎప్పుడూ చిన్నదే. మీరు రోజుకూలి దగ్గర మొదలుపెట్టి పైకి రండి.

ఒక ఉదాహరణ రాస్తాను. అంకెలు నేను వేసుకున్నవి, మీరు మీ దగ్గర కొలిచి మార్చుకోండి. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నైపుణ్యం ఉన్న చేతికి అంతకన్నా తక్కువ వస్తే ఆ పని చేయించడమే తప్పు. రోజుకు 450 అనుకుందాం. రోజంతా కూర్చుంటే మంచివి 15 తయారవుతాయనుకుంటే ఒక్కోదానికి కూలి 30 రూపాయలు. కొయ్య 6, గరుకు కాగితం, ఆకురాయి అరుగుదల 2. మొత్తం 38. పదింట్లో ఒకటి విరుగుతుందనుకుంటే ఆ నష్టం మిగతా తొమ్మిదింటి మీద పడాలి, అప్పుడు 42. పెట్టె, కట్టు 4, అంటే 46. సంఘం ఖర్చులకు, నిల్వ నిధికి నూటికి 15 చొప్పున మరో 7. చెంచా 53 రూపాయలకు సంఘం గడప దాటాలి. రవాణా వేరే.

బెంగళూరులో వాళ్లు దాన్ని 150కి అమ్ముతారా, 200కి అమ్ముతారా అన్నది వాళ్ల అద్దెలు, జీతాలను బట్టి ఉంటుంది. దాని గురించి మీరు బాధపడనక్కరలేదు. కానీ లెక్క కాగితం వాళ్ల ముందు పెట్టండి. న్యాయమైన వ్యాపారం చేస్తున్నామని బోర్డు పెట్టినవాళ్లు ఆ కాగితం చూసి ముఖం చిట్లిస్తే, వాళ్లెలాంటివాళ్లో అక్కడే తెలిసిపోతుంది.

మగ్గం గుంట (వెంకటగిరి)

పంతులు గారి లెక్కలో ఒకటి చేర్చాలి. మాది వెంకటగిరి. 2022లో జిల్లాల విభజనలో మా ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కానీ నెల్లూరితో మా సంబంధం ఎక్కడికీ పోలేదు. మా చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు సరుకుకే చెందుతుందన్న నమోదు, పేరు దేశమంతా ఉంది. నేతగానికి మాత్రం మాస్టర్ వీవర్ నూలు, జరీ ఇచ్చి, చీరకింత అని మజూరీ కడతాడు. ఆ మజూరీ మగ్గం మీద కూర్చున్న ఒక్క మనిషికి లెక్క. కండెలు చుట్టేది భార్య. పడుగు సర్దేటప్పుడు ఇంటిల్లిపాదీ చెయ్యి వేయాలి. జందానీ బుటా ఉంటే పక్కన మరో మనిషి కూర్చోవాలి. వీళ్లెవరి పనికీ ధర లేదు.

ఉదయగిరిలోనూ అదే జరుగుతుంటుంది. కొయ్య మోసుకొచ్చేది ఎవరు, ముక్కలు కోసేది ఎవరు, చివర రుద్ది తుడిచి కట్టలు కట్టే పిల్ల ఎవరు, అందరి గంటలూ రాయండి. బడి మాని రుద్దే పిల్ల ఉంటే ఆ ఆర్డరు తీసుకోకండి. కటువుగా అంటున్నానని అనుకోవద్దు. మా వీధిలో చదువు ఆపేసి కండెలకు కూర్చున్న ఆడపిల్లలను చూస్తూ పెరిగినవాణ్ణి.

రేవుగాలి (చెన్నై, సొంత ఊరు కావలి)

చేతిపనుల ఎగుమతి సంస్థలో చాలా కాలం పనిచేశాను కాబట్టి రెండు మాటలు.

ఫెయిర్ ట్రేడ్ అన్న పేరుతో రెండు వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి, మన వాళ్లు కలిపేసుకుంటారు. కాఫీ, టీ, పత్తి వంటి పంటల మీద కనిపించే ముద్ర ఒకటి, అది సరుకుకు ఇచ్చేది. చేతిపనుల్లో ఎక్కువగా వినిపించేది ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థ, 1989లో మొదలైంది. అది సరుకును కాదు, సంస్థ మొత్తాన్ని పది సూత్రాల మీద పరీక్షిస్తుంది. ఆ దుకాణం వారిని సూటిగా అడగండి: మీరు ఏ సంస్థలో సభ్యులు? మిమ్మల్ని ఎవరు తనిఖీ చేస్తారు? సభ్యత్వం లేనంత మాత్రాన మోసగాళ్లని అనలేం, చిన్న దుకాణాలకు ఆ ఖర్చు భారమే. కానీ ఏదో ఒక జవాబు రావాలి.

బయానా సంగతి. నిస్సంకోచంగా అడగండి. ఆ పది సూత్రాల్లోనే ఉంది: చేతిపనుల విషయంలో ఉత్పత్తిదారు అడిగితే కనీసం సగం సొమ్ము వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి. ఇది మీరు బతిమాలుకునే విషయం కాదు, వాళ్లు బోర్డు మీద రాసుకున్న మాటలో భాగం. పేదరికం మీద ఈ వ్యాపారం నిజంగా దెబ్బ కొట్టేది ఇక్కడే. కొయ్యకు డబ్బు లేక చెంచాలు చేసే మనిషి వడ్డీకి తెస్తుంది, సరుకు అమ్ముడయ్యేలోగా లాభం వడ్డీకే చెల్లు. సగం సొమ్ము ముందే చేతిలో పడితే ఆ గొలుసు తెగుతుంది.

నిలకడ (కావలి)

అందరి మనసూ మంచిదే, కాదనను. కానీ ఒకటి అడుగుతాను. 53 రూపాయల చెంచాను మన ఊళ్లో ఎవరు కొంటారు? స్టీలు చెంచా దానిలో నాలుగో వంతుకే వస్తుంది. బెంగళూరులో, విదేశాల్లో నాలుగు డబ్బున్న ఇళ్ల ఇష్టాయిష్టాల మీద ఉదయగిరి కుటుంబాలు బతకాలా? ఫ్యాషను మారితే ఏమవుతుంది? ఆ పిల్లలకు చదువు చెప్పించి ఉద్యోగాల్లో పెట్టడమే పేదరికానికి మందు అని నా అభిప్రాయం. చేతిపనిని పట్టుకుని వేలాడమని వాళ్లకు చెప్పే హక్కు మనకెక్కడిది?

కొండకింద (ఉదయగిరి)

నిలకడ అన్నా, మీ ప్రశ్నలో న్యాయం ఉంది, అందుకే జవాబు చెబుతున్నాను. మమ్మల్ని ఎవరూ పట్టుకుని వేలాడమనలేదు. అమ్మకు ఇప్పుడు ఈ వయసులో వేరే ఉద్యోగం ఎవరిస్తారు? పొలం లేదు. వానలు లేని ఏడాది కూలి పనులూ ఉండవు. ఈ చెంచాల డబ్బుతోనే నేను డిగ్రీ చదివాను. పిల్లలు చదువుకుని వెళ్లాలంటే ముందు ఆ ఇంటికి ఆదాయం ఉండాలి కదా.

తాటాకు బుట్ట (కొత్తపట్నం)

మాది ప్రకాశం జిల్లా తీరం. తాటి మొవ్వ ఆకుతో బుట్టలు, పెట్టెలు అల్లుతాం. లేత ఆకును ఈనె తీసి, ఎండబెట్టి, సన్నగా చీల్చి, రంగునీళ్లలో మరగబెట్టి అల్లాలి. నిలకడ గారు అన్నదాంట్లో ఒకటి మాత్రం పూర్తిగా నిజం: ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడటం ప్రమాదం. అది మాకు అనుభవం.

ఒక పెద్ద పట్టణంలోని దుకాణం, పేరు వద్దు, మా దగ్గర మూడు సైజుల బుట్టలు పెద్ద సంఖ్యలో చేయించింది. సరుకు వెళ్లాక, రంగు నమూనాలో ఉన్నట్టు లేదని సగం వెనక్కి పంపింది. తాటాకు ప్రతి చెట్టుదీ ఒకేలా రంగు పట్టదు, వానాకాలం ఆకు ఒకలా, ఎండాకాలం ఆకు ఇంకోలా ఉంటుంది. ఈ మాట ముందే కాగితం మీద లేదు. వెనక్కి వచ్చిన బుట్టలు వానల్లో బూజు పట్టాయి. రెండు నెలల పని అలా పోయింది. సంఘంలో కొంతమంది మళ్లీ రొయ్యల షెడ్లకు వెళ్లిపోయారు.

పెన్నాతీరం అక్కా, మీరు చెంచాలకు రాయించుకోవలసినది ఇదే. కొయ్య రంగులో, గీతల్లో ఎంత తేడా ఒప్పుకుంటారు, కొలతలో ఎన్ని మిల్లీమీటర్ల వరకు పరవాలేదు, సరుకు చూసి బాగుందో లేదో ఎన్ని రోజుల్లో చెప్పాలి, నమూనా ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మీ దగ్గర, రెండింటి మీదా ఇద్దరి సంతకాలు. ఆర్డరు మధ్యలో రద్దయితే అప్పటిదాకా చేసినదానికి పూర్తి సొమ్ము.

లెక్కల పంతులు (ఒంగోలు)

తాటాకు బుట్ట గారూ, చదివి బాధ కలిగింది. ఇలాంటి చోట చట్టం ఒకటి మనవైపు ఉంది, చాలామందికి తెలియదు. 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకున్నవారు ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. దీనికి మీ సంఘం పేరిట ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు ఉండాలి. అది ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది. ఆర్డరుకు ముందే చేయించండి, గొడవ వచ్చాక కాదు. బిల్లు మీద ఆ నంబరు వేయండి. అది చూస్తే కొనేవారి అకౌంటెంటే జాగ్రత్తపడతాడు.

పన్ను విషయం ఇక్కడ తేల్చలేం. రాష్ట్రం దాటి పంపుతున్నారు కాబట్టి జీఎస్టీ నమోదు, చేతిపనులకు ఉన్న మినహాయింపు, సరుకు రవాణాకు తీసుకునే ఈ-వే బిల్లు, ఈ మూడింటి గురించీ ఒక ఆడిటరును అడిగి ముందుకు వెళ్లండి.

గీతలబడి (నెల్లూరు)

డిజైన్ చదువుకుని చేతిపని సంఘాలతో పనిచేస్తున్నాను. నమూనా ఎవరిది అన్న ప్రశ్నకు వస్తాను, ఇది నాకు చాలా ముఖ్యమైనది.

దుకాణం వారు కాగితం మీద గీసిన గరిటె పంపిస్తారు. దాన్ని కొయ్యలోకి తెచ్చేది కొండకింద గారి అమ్మ. పిడి ఎక్కడ సన్నబడితే విరుగుతుందో, గుంట ఎంత లోతుంటే పప్పు నిలుస్తుందో ఆవిడ చేతికి తెలుసు. గీసినవాడు ఆ దిద్దుబాట్లు తీసుకుని మళ్లీ గీస్తాడు. ఇద్దరూ కలిసి చేసినదానికి ఒకరే యజమాని ఎలా అవుతారు? పూర్తిగా కొత్త నమూనా అయితే ఒక ఏడాది పాటు మరెవరికీ అమ్మం అని ఒప్పుకోవచ్చు, ఆ ఏడాదికి ఇంత సరుకు కొంటామని వాళ్లూ ఒప్పుకోవాలి. ఉదయగిరిలో పాతకాలం నుంచి చేస్తున్న ఆకారాలు మాత్రం ఆ షరతు కిందికి రాకూడదు. ఏవి పాతవో ఫొటోలు తీసి ఒప్పందానికి జతచేయండి.

ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. దానివల్ల ధర దానంతట అదే పెరగదు, ఆ పేరు పెట్టి వేరేచోట చేసినది అమ్మకుండా అడ్డుకునే హక్కు మాత్రం ఇస్తుంది. ఆ హక్కు వాడుకోవాలంటే చేసేవాళ్లు అధీకృత వాడుకరులుగా నమోదు కావాలి. ఆ రుసుమును 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. సంఘంలో ఎంతమంది నమోదయ్యారో చూడండి.

రాజస్థాన్‌లో బికనేర్ వైపు రంగ్‌సూత్ర అని ఒక సంస్థ ఉంది. 2006లో కంపెనీగా పెట్టారు, కుట్టుపని, నేతపని చేసే పల్లె ఆడవాళ్లే వాటాదారులు. ఐకియా వంటి పెద్ద కంపెనీకి సరుకిచ్చే స్థాయికి వచ్చారు. భాగస్వామ్యం అని నేను దాన్ని అంటాను. కూలి ఒక్కటే ఇచ్చి భాగస్వాములమనడం నాకు ఒప్పుదల కాదు.

మరొక విన్నపం. చెంచాకు కట్టే చీటీ మీద కథ రాస్తారు కదా, అందులో రాయలవారిని లాక్కురాకండి. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలుచుకోవడం చరిత్ర. ఆయన వంటశాలకు మన చెంచాలు వెళ్లాయని ఆధారం లేకుండా రాస్తే, చేసిన మనిషి గౌరవానికే దెబ్బ. ఆవిడ ఒప్పుకుంటే ఆవిడ పేరు, ఏ కొయ్య, ఎంతసేపు పట్టింది. ఇంతే రాయండి.

అడవిదారి (ఉదయగిరి ప్రాంతం)

కొయ్య మాట ఎవరూ పెద్దగా ఎత్తలేదు. రెండున్నర వేల వస్తువులకు కొయ్య ఎక్కడి నుంచి? వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది. అందువల్ల కొండ నుంచి ఏ దుంగ దిగినా అటవీ సిబ్బంది అనుమానంగానే చూస్తారు. వాళ్ల పని అది. కానీ మధ్యలో నలిగేది చెంచా చేసేవాళ్లు. ఏటికొప్పాకకు అంకుడు కర్ర, కొండపల్లికి తెల్లపొణికి ఎంత కరువయ్యాయో అందరం చూశాం. రేపు విదేశాలకు పంపాలంటే కొయ్య చట్టబద్ధంగా వచ్చిందని కాగితం చూపాలి. చేతిపనుల ఎగుమతి మండలి వారి 'వృక్ష్' ధ్రువీకరణ అందుకే ఉంది.

నా మనవి: ధరలో మొక్కల పెంపకానికి కొంత కలపండి. ఊరి బంజరులోనో, చెరువు గట్టునో నర్ది, బిక్కి మొక్కలు నాటడానికి పంచాయతీని, అటవీ శాఖను ఇప్పటి నుంచే అడగండి. అవి ఎదగడానికి ఏళ్లు పడుతుంది. కొనేవారు భాగస్వాములమంటున్నారు కాబట్టి ఆ ఖర్చులో వాళ్లూ పాలు పంచుకోవాలి.

పొదుపు అక్క (కలిగిరి మండలం)

మాది దూబగుంట పక్క ఊరు. 1992లో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన ఊరది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే మన జిల్లాలో రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. నెల్లూరు ఆడవాళ్లకు లెక్క రాయడం, పదిమందిలో నిలబడి అడగడం అప్పుడే వచ్చింది. బెంగళూరు దుకాణానికి జవాబు చెప్పలేమా?

ఒక్కటే అడుగుతాను, పెన్నాతీరం. బేరం మాట్లాడేటప్పుడు నువ్వు ఒక్కదానివే ఫోనులో మాట్లాడుతున్నావా, చేసేవాళ్లు కూడా ఉన్నారా? వాళ్లను పక్కన కూర్చోబెట్టి, స్పీకరు పెట్టి మాట్లాడు. చెంచాకు ఎంత వచ్చింది, సంఘం ఎంత ఉంచుకుంది, నీకెంత అన్నది గోడ మీద రాసి పెట్టు. డబ్బు మగవాళ్ల చేతికి కాకుండా పనిచేసిన మనిషి ఖాతాలోనే పడాలి. నీ నిజాయితీ మీద అనుమానంతో అనడం లేదమ్మా, రేపు నీ బదులు ఇంకొకరు వచ్చినా ఆ పద్ధతి నిలవాలి.

నిలకడ (కావలి)

కొండకింద గారి జవాబు చదివాక ఆలోచించాను. ఒకే కొనుగోలుదారు గురించి నా భయం అలాగే ఉంది. తాటాకు బుట్ట గారు చెప్పినది దాన్ని బలపరిచింది. అందుకని ఒక సూచన: సంఘం మొత్తం చేయగలిగిన పనిలో సగానికి మించి ఒక్కరికే ఇవ్వకండి. మిగతా సగం తిరుపతి, విజయవాడ, హైదరాబాదు బజార్లకు ఉంచుకోండి. కావలిలో మా బంధువులకు పెళ్లి సామాను దుకాణం ఉంది. సారెతో పాటు పెట్టే వంటసామానులో చెక్క గరిటెల జత పెట్టమని మాట్లాడతాను. ధర తగ్గించమని అడగను.

పెన్నాతీరం (నెల్లూరు)

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అక్కా, మీరు అడిగింది అడగవలసినదే. ఇంతవరకు ఫోను నేనే మాట్లాడాను. ఇకపై అలా ఉండదు.

నిన్న ఉదయగిరిలో సంఘం వాళ్లతో కూర్చుని గంటలు కొలిచాం. చెంచా పంతులు గారి లెక్కకు దగ్గరగానే వచ్చింది, గరిటె మాత్రం మేమనుకున్నదానికన్నా చాలా ఎక్కువ పని. వాళ్లలో ఒకావిడ ఇన్నేళ్లూ గరిటెను నష్టానికి ఇస్తున్నామని అప్పటికప్పుడే లెక్క చెప్పి చూపించింది. దుకాణానికి రాసే ఉత్తరంలో ఇవి పెడుతున్నాం: సగం సొమ్ము ముందు, మిగతాది సరుకు అందిన 30 రోజుల్లో, విరిగిపోయే వాటి లెక్క ధరలోనే, రంగు తేడాకు సంతకాలు చేసిన నమూనాలు, కొత్త గరిటె ఏడాది పాటు వాళ్లకే, పాత ఆకారాలు ఎవరికైనా, మొక్కలకు ఒక్కో వస్తువు మీద రూపాయి, మరో రూపాయి వాళ్లు కలపాలి, ఏడాదికోసారి ధర తిరగరాయాలి. రెండు వేల చెంచాలు ఒకేసారి వద్దని, మూడు విడతలుగా ఇస్తామని సంఘమే తేల్చింది. రాత్రిళ్లు కూర్చుని చేసేది లేదని చెప్పేశారు.

గీతలబడి గారూ, పాత ఆకారాల ఫొటోలు తీయడానికి వచ్చే ఆదివారం రాగలరా? తాటాకు బుట్ట గారూ, చెంచాలు ఆరు చొప్పున పెట్టి పంపడానికి మీ తాటాకు పెట్టెలు కావాలి. చెంచా పది అంగుళాలు, ఒక్కో పెట్టెలో ఆరు పట్టాలి. పెట్టె ధర కూడా మీ గంటల లెక్కన కట్టి చెప్పండి.

తాటాకు బుట్ట (కొత్తపట్నం)

చేస్తాం అక్కా. మూత ఉన్నది, లేనిది రెండూ అల్లి ఒంగోలు నుంచి బస్సులో వేస్తాను. చెంచా ఒకటి ముందు పంపండి, కొలత చేతిలో ఉంటే గాని అల్లిక మొదలుపెట్టలేం. ఇది ఎండాకాలం ఆకు, రంగు లేతగా వస్తుంది. ఆ మాట కాగితం మీద రాయండి.